ప్లానులోని పొడి అక్షరాలు

మీ ఇంటి తలుపు మడతబందుకు బిగించిన స్క్రూను ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? దాని తల ఇనుప రేకుతో సమానంగా లోపలికి మునిగి ఉంటుంది. చేత్తో రాసినా తగలదు. అదే గుమ్మం మీద పేరు రాసిన రేకును బిగించిన స్క్రూను చూడండి. దాని తల గుండ్రంగా, బొడిపెలా పైకి కనిపిస్తుంది. ఒకచోట మునిగే తల, మరోచోట ఉబ్బు తల ఎందుకు పెట్టారు? ఎవరో ఆలోచించి అలా నిర్ణయించారు. ఆ నిర్ణయాన్ని చేసేవాడికి తెలియజేయడానికి వాళ్లు పేజీలకు పేజీలు రాయరు. ప్లాను పక్కన మూడు నాలుగు పొడి అక్షరాలు రాసి ఊరుకుంటారు.

ఆ అక్షరాలు చదవడం వస్తే ఏ ప్లాను చూసైనా మీరు బల్ల చేయవచ్చు, పుస్తకాల అర చేయవచ్చు, సైన్సు ప్రదర్శనకు పరికరం చేయవచ్చు. సరిగా చదవకపోతే ఏమవుతుందో నాకు స్వయంగా అనుభవమైంది. ఒకే ఒక వరుసను నేను తేలిగ్గా తీసుకున్నందుకు మా బడిలో ఒక కుర్రాడి పాదం నలిగిపోవలసింది. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ సంగతి ముందుముందు చెబుతాను. ముందుగా ఆ ప్లాను చూద్దాం.

అది కప్పీల స్టాండు ప్లాను. అడుగున ఒక పీట, దాని మీద రెండు నిలువు కొయ్యలు, పైన ఒక అడ్డదూలం. దూలానికి రెండు ఇనుప కళ్లు వేలాడుతుంటాయి. వాటికి కప్పీలు తగిలిస్తారు. బొమ్మ పక్కన కావలసిన సామాను జాబితా ఉంది. ప్లానులో ఇవి ఇంగ్లీషు అక్షరాలే. ఇక్కడ ఆ అక్షరాల పేర్లను తెలుగులో రాస్తున్నాను.

1. డబ్ల్యు.ఎస్., సి.ఎస్.కె. హెచ్.డి., ఎం.ఎస్., ఎన్.ఓ. 8 × 1½ – 16 ఎన్.ఓ.ఎస్.
2. డబ్ల్యు.ఎస్., ఆర్.డి. హెచ్.డి., బి.ఆర్.ఎస్., ఎన్.ఓ. 6 × ¾ – 8 ఎన్.ఓ.ఎస్.
3. ఐబోల్టు, ఎం.ఎస్., ¼ బి.ఎస్.డబ్ల్యు. × 3, నట్టు, వాషరుతో – 2 ఎన్.ఓ.ఎస్.
4. తీగ, జి.ఐ., 16 ఎస్.డబ్ల్యు.జి. – 1 మీటరు

మొదటిసారి చూస్తే ఇదేదో రహస్య లిపిలా ఉంటుంది. నిజానికి ప్రతి వరుసా అయిదు ప్రశ్నలకు జవాబు చెబుతుంది. వస్తువు ఏది? దాని ఆకారం ఏమిటి? దేనితో చేసింది? కొలతలు ఎంత? ఎన్ని కావాలి? ఈ అయిదు ప్రశ్నలూ గుర్తుంటే పొడి అక్షరాలు వాటంతట అవే విడిపోతాయి.

మునిగే తల

మొదటి వరుసలో డబ్ల్యు.ఎస్. అంటే వుడ్ స్క్రూ, చెక్కలో దిగే మరమేకు. ఇది వస్తువు పేరు. హెచ్.డి. అంటే హెడ్, తల. సి.ఎస్.కె. అంటే కౌంటర్‌సంక్, చెక్క ఉపరితలంతో సమానంగా మునిగే తల అన్నమాట. ఈ తల పైన చదునుగా, కింద గరాటులా ఉంటుంది. అది కూర్చోవడానికి చెక్కలో ముందుగా గరాటు ఆకారపు గుంట చేయాలి. మెట్రిక్ పద్ధతి స్క్రూలలో ఈ గరాటు కోణం 90 డిగ్రీలు. అమెరికా స్క్రూలలో 82 డిగ్రీలు.

ఎం.ఎస్. అంటే మైల్డ్ స్టీల్. కర్బనం తక్కువగా ఉండే మెత్తని ఉక్కు. మనం మామూలుగా ఇనుము అని పిలిచే బోల్టులు, చువ్వలు చాలావరకు ఇదే.

ఇక కొలతలు. 8 × 1½ లో గుణకార గుర్తు ఉంది కదా అని 12 అనకండి! ఇక్కడ గుణించేది ఏమీ లేదు. ఆ గుర్తుకు ముందున్నది లావు, తర్వాతది పొడవు. పొడవు 1½ అంగుళాలు, అంటే 38 మి.మీ. మరి 8 అంటే 8 అంగుళాలా? కాదు. 8 మిల్లీమీటర్లా? అదీ కాదు. అది లావును తెలిపే ఒక వరుస సంఖ్య. దాన్ని కొలతగా మార్చడానికి అమెరికా ప్రమాణంలో ఒక చిన్న సూత్రం ఉంది. సంఖ్యను 13తో గుణించి 60 కలపండి. వచ్చినది అంగుళంలో వెయ్యో వంతులు. 8ని 13తో గుణిస్తే 104. దానికి 60 కలిపితే 164. అంటే 0.164 అంగుళం, సుమారు 4.2 మి.మీ. అదే 6 నంబరు స్క్రూ అయితే 0.138 అంగుళం, అంటే 3.5 మి.మీ. సంఖ్య పెరిగినకొద్దీ స్క్రూ లావు పెరుగుతుంది.

ఇప్పుడు వరుస చివర చూడండి. 16 ఎన్.ఓ.ఎస్. అని ఉంది. ఎన్.ఓ. అంటే నంబరు. ఎన్.ఓ.ఎస్. అంటే నంబర్లు, అనగా ఎన్ని అనే లెక్క. చివరి ఒక్క అక్షరం అర్థాన్నే మార్చేసింది! దుకాణానికి వెళ్లి ‘పదహారు నంబరు స్క్రూలు ఇవ్వండి’ అంటే ఏమవుతుంది? పై సూత్రం ప్రకారం 16 నంబరు స్క్రూ లావు 0.268 అంగుళం, దాదాపు 6.8 మి.మీ. సన్నని చెక్క అంచులో దాన్ని దించితే చెక్క చీలిపోతుంది. ‘ఎనిమిదో నంబరువి పదహారు’ అని అడగాలి.

పొడవును ఎక్కడి నుంచి కొలవాలి?

రెండో వరుసలో ఆర్.డి. హెచ్.డి. అంటే రౌండ్ హెడ్, గుండ్రని తల. బి.ఆర్.ఎస్. అంటే బ్రాస్, ఇత్తడి. ఇవి స్టాండు నిలువు కొయ్యకు రేకు కొలబద్దను బిగించడానికి. రేకు పలచన. అందులో గరాటు గుంట చేయడానికి మందం చాలదు. అందుకే రేకు మీద కూర్చునే గుండ్రని తల కావలసి వచ్చింది. మీ ఇంటి పేరు రేకుకు ఉబ్బు తల స్క్రూ ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందిగా!

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. మునిగే తల స్క్రూ పొడవును తల పైభాగం నుంచి మొన వరకు కొలుస్తారు. గుండ్రని తల స్క్రూ పొడవును తల కింది నుంచి మొన వరకే కొలుస్తారు. తలను లెక్కలోకి తీసుకోరు. ఇలా రెండు పద్ధతులు ఎందుకు? కొంచెం ఆలోచిస్తే ఇవి రెండూ ఒకే పద్ధతి అని తెలుస్తుంది. చెక్కలోకి దిగే భాగమే పొడవు. మునిగే తల కూడా చెక్కలోకి దిగుతుంది కనుక అది లెక్కలోకి వస్తుంది. గుండ్రని తల బయటే ఉంటుంది కనుక రాదు. షట్కోణపు తల ఉన్న బోల్టుకూ ఇదే సూత్రం. దానిని ప్లానులో హెక్స్ హెచ్.డి. అని రాస్తారు. దాని తల బయట ఉంటుంది కాబట్టి పొడవు తల కింది నుంచే.

పొడవు ఎంత ఉండాలో కూడా ఎవరో ఊహించి రాసింది కాదు. మొదటి వరుస స్క్రూలు ½ అంగుళం మందం పలకను నిలువు కొయ్యకు పట్టించాలి. 1½ అంగుళాల స్క్రూలో ½ అంగుళం పలకలో ఉంటే, మిగిలిన అంగుళం వెనుక కొయ్యలోకి దిగుతుంది. పలకలో ఒక వంతు, కొయ్యలో రెండు వంతులు. వడ్రంగులు పాటించే మంచి నియమం ఇది. వెనుక కొయ్యలో ఎన్ని మర చుట్లు దిగితే పట్టు అంత గట్టిగా ఉంటుంది.

ఇత్తడి స్క్రూ తుప్పు పట్టదు. కాని ఉక్కు కంటే మెత్తన. గట్టి చెక్కలో బలంగా తిప్పితే తల తెగిపోతుంది. అందుకని ముందు చిన్న బెజ్జం వేసి, అదే కొలత గల ఇనుప స్క్రూను ఒకసారి దించి తీసి, తర్వాత ఇత్తడి స్క్రూకు కాస్త సబ్బు రాసి బిగిస్తారు. సబ్బు ఘర్షణను తగ్గిస్తుంది. చూశారా, బి.ఆర్.ఎస్. అనే మూడు అక్షరాలు మీరు పని చేయవలసిన తీరునే మార్చేశాయి.

పెద్ద సంఖ్య, సన్నని తీగ

మూడో వరుసను కాసేపు పక్కన పెట్టి నాలుగోది చూద్దాం. జి.ఐ. అంటే గాల్వనైజ్డ్ ఐరన్, జింకు పూత పూసిన ఇనుము. ఎస్.డబ్ల్యు.జి. అంటే స్టాండర్డ్ వైర్ గేజ్. ఇది బ్రిటన్ నుంచి మనకు వచ్చిన తీగ లావు కొలత. 16 గేజి తీగ వ్యాసం 1.63 మి.మీ. మరి 8 గేజి తీగ వ్యాసం? స్క్రూల అలవాటులో సన్నగా ఉంటుందని అనుకుంటారు. కాని అది 4.06 మి.మీ! ఇక్కడ సంఖ్య పెరిగితే లావు తగ్గుతుంది.

ఈ తలకిందుల లెక్కకు కారణం తీగను తయారుచేసే విధానంలో ఉంది. లావుపాటి చువ్వను ఒక గట్టి దిమ్మెలోని కంతగుండా లాగుతారు. అది కొంచెం సన్నబడుతుంది. దాన్ని ఇంకా చిన్న కంతగుండా, మళ్లీ ఇంకా చిన్న కంతగుండా లాగుతారు. ఎన్నిసార్లు లాగితే తీగ అంత సన్నం. గేజి సంఖ్యలు పుట్టింది ఈ లాగుడు లెక్కలోంచే. సంఖ్య పెద్దదైతే తీగ ఎందుకు సన్నగా ఉంటుందో ఇక మీరు మరిచిపోరు.

కాబట్టి ప్లానులో ఒట్టి సంఖ్య చూసి లావును ఊహించకండి. దాని పక్కన ఏ అక్షరాలు ఉన్నాయో చూడండి.

మూడో వరుస కథ

ఇక మా బడి సంగతి. ఆ ప్లాను ఒక పాత పుస్తకంలోది. మూడో వరుసలో ఐబోల్టు అంటే ఒక కొస కన్నులా గుండ్రంగా వంచిన బోల్టు. కన్ను దూలం కింద వేలాడుతుంది. మర ఉన్న కొస దూలంగుండా పైకి వస్తుంది. అక్కడ వాషరు వేసి నట్టు బిగించాలి. అంటే కప్పీకి వేలాడే బరువంతా చివరికి ఆ నట్టు మీదనే పడుతుందన్నమాట.

సామాను తేవడానికి తొమ్మిదో తరగతి కుర్రాడిని పంపాను. పావు అంగుళం అంటే మన వడ్రంగుల భాషలో రెండు సూత్‌లు. కొన్నిచోట్ల నూలు అంటారు. ఎనిమిది సూత్‌లు ఒక అంగుళం. కుర్రాడు దుకాణంలో ‘రెండు సూత్‌ల ఐబోల్టులు’ అని అడిగాడు. ఇనుప చువ్వల బేరంలో 6 మి.మీ. చువ్వను కూడా రెండు సూత్‌ల చువ్వ అనడం వాడుక. వాళ్లు 6 మి.మీ. ఐబోల్టులు ఇచ్చారు. నట్టులు మా బడి రేకు పెట్టెలో పాతవి ఉన్నాయి. అవి పావు అంగుళానివి.

‘మాస్టారూ, నట్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతోందండీ’ అన్నాడు కుర్రాడు.

‘పావు అంగుళమూ ఆరు మిల్లీమీటర్లూ ఒకటే లేరా. పానా పెట్టి బిగించు’ అన్నాను నేను.

పానా పెట్టి తిప్పాడు. కిర్రుమంటూ బిగిసింది. ఎంత గట్టిగా బిగిసిందో అని ఇద్దరం సంతోషించాం. వారం రోజులు చిన్న చిన్న బరువులతో ప్రయోగాలు చేశాం. ఒకరోజు 10 కిలోల ఇసుక సంచి తగిలించాం. సంచి పైకి లేచింది. అంతలో పైన నట్టు లోంచి బోల్టు జారిపోయి కప్పీ, సంచి ఒక్కసారిగా కింద పడ్డాయి. తాడు పట్టుకున్న కుర్రాడి పాదానికి జానెడు దూరంలో పడింది సంచి. వాడు నవ్వేశాడు. నాకు మాత్రం ఆ సాయంత్రం దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తప్పు ఎక్కడ జరిగింది? మీకు తెలిసిన స్క్రూగేజి సూత్రంతోనే చెబుతాను. మర ఒక పూర్తి చుట్టు తిరిగితే ముందుకు జరిగే దూరాన్ని మరభ్రమణాంతరం అంటారని చదువుకున్నారు కదా. బి.ఎస్.డబ్ల్యు. అంటే బ్రిటిష్ స్టాండర్డ్ విట్‌వర్త్. ఆ పద్ధతిలో పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 20 మర చుట్లు ఉంటాయి. దీన్ని ప్లానులలో 20 టి.పి.ఐ. అని రాస్తారు. అంగుళం 25.4 మి.మీ. కనుక మరభ్రమణాంతరం 25.4ను 20తో భాగించగా వచ్చే 1.27 మి.మీ. మేం తెచ్చిన బోల్టు మెట్రిక్ పద్ధతిది. దాన్ని ఎం 6 అంటారు. ఎం అంటే మెట్రిక్ మర, 6 అంటే బోల్టు బయటి వ్యాసం మిల్లీమీటర్లలో. మామూలు ఎం 6 మరభ్రమణాంతరం 1 మి.మీ.

ఇప్పుడు లెక్క వేయండి. మొదటి చుట్టు తర్వాత నట్టు గాడికీ బోల్టు మరకూ 0.27 మి.మీ. తేడా వస్తుంది. రెండో చుట్టుకు 0.54 మి.మీ. అంటే సగం చుట్టు తేడా! గాడి ఉండవలసిన చోట మిట్ట వచ్చి అడ్డం పడుతుంది. అందుకే నట్టు రెండు చుట్లకు ఆగిపోయింది. మేం ‘బిగింపు’ అనుకున్నది దూలాన్ని పట్టుకున్న బిగింపు కాదు. మరలు ఒకదాన్నొకటి నలుపుకోవడం! దానికి తోడు 6 మి.మీ. బోల్టు 6.35 మి.మీ. నట్టులో వదులుగా ఉంటుంది. మరల కొనలు మాత్రమే తగులుతాయి. నట్టులోని మరలన్నీ పంచుకొని మోయవలసిన బరువును నలిగిపోయిన ఒకటి రెండు మరల కొనలే మోశాయి. అవి కాస్తా అరిగి తెగిపోయాయి.

మరునాడు మా ఊరి వడ్రంగి వచ్చి, ముక్కలు చేతిలోకి తీసుకొని ఒకే మాట అన్నాడు. ‘మాస్టారూ, వేళ్లతో తిరగని నట్టు ఆ బోల్టుది కాదండీ. పానా చివరి బిగింపుకే.’

ఆ మాటను మీరు పుస్తకం అట్ట మీద రాసుకోండి. ప్లానులో ‘బి.ఎస్.డబ్ల్యు.’ అని మూడు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. వాటిని చదివి కూడా పట్టించుకోనివాణ్ని నేనే. తప్పు కుర్రాడిది కాదు.

ఇన్ని రకాల మరలు ఎందుకు?

మరలన్నీ ఒకేలా ఉంటే ఈ గొడవే ఉండదు కదా అని మీరు అడగవచ్చు. ఒకప్పుడు ఇంతకంటే పెద్ద గొడవ ఉండేది. ప్రతి కార్ఖానా తనకు తోచినట్టు మరలు కోసుకునేది. ఒక చోట చేసిన నట్టు మరోచోట చేసిన బోల్టుకు పట్టేది కాదు. యంత్రం విప్పితే ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకోవలసి వచ్చేది.

1841లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అనేక కార్ఖానాల బోల్టులు సేకరించి, వాటిని పోల్చి, అందరూ వాడదగిన ఒకే కొలతల పట్టిక ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు ఉండాలన్నాడు. బి.ఎస్.డబ్ల్యు.లోని చివరి అక్షరం ఆయన పేరే. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో మరో పద్ధతి ప్రతిపాదించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికా సైన్యాలు పక్కపక్కనే పోరాడుతున్నా ఒకరి నట్టు మరొకరి బోల్టుకు సరిపోక ఎన్నో ఇబ్బందులు పడ్డాయి. 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా దేశాలు ఒక ఉమ్మడి మరకు అంగీకరించాయి. ప్లానులలో యు.ఎన్.సి. అని కనిపించేది దానిలోని ముతక మర. ఎం అక్షరంతో మొదలయ్యే మెట్రిక్ మరను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ప్రపంచమంతటికీ ప్రమాణంగా తెచ్చింది. ఆ సంస్థ 1947లో ఏర్పడింది.

మన దేశంలో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చి, మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలైంది. 1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ స్థానంలో 1987లో భారతీయ ప్రమాణాల బ్యూరో వచ్చింది. స్క్రూలకు, బోల్టులకు, ఇంజనీరింగ్ బొమ్మలు గీసే పద్ధతులకు అది ప్రమాణాలు ప్రకటిస్తుంది. ఆ ప్రమాణాల ముందు ఐ.ఎస్. అని ఉంటుంది. ఇంత జరిగినా వడ్రంగి నోట అంగుళం పోలేదు. పాత పుస్తకాలూ పోలేదు. కాబట్టి రెండు భాషలూ మనకు రావాలి.

ఒకే అక్షరాలు, రెండు అర్థాలు

పొడి అక్షరాలతో ఉన్న చిక్కు ఇంకొకటుంది. ఊర్లో ఒకే పేరుతో ఇద్దరు మనుషులున్నట్టు, ఒకే అక్షరాలకు రెండు అర్థాలు ఉండవచ్చు.

ఎం.ఎస్.: మన ప్లానులలో మైల్డ్ స్టీల్. అమెరికా సామాను జాబితాలో వస్తువు పేరుండే చోట కనిపిస్తే మెషీన్ స్క్రూ, అంటే నట్టుతో బిగించే సన్నని మరమేకు.

ఆర్.హెచ్.: స్క్రూల వరుసలో రౌండ్ హెడ్. తలుపుల వరుసలో రైట్ హ్యాండ్, అంటే కుడిచేతి వాటం.

ఎఫ్.హెచ్.: ఫ్లాట్ హెడ్. చదును తల అనగానే పైకి ఉండే పళ్లెం లాంటి తల అనుకోకండి. అమెరికా ప్లానులలో ఇది మన సి.ఎస్.కె.యే! తల పైభాగం చదునుగా ఉంటుంది కనుక ఆ పేరు.

డి: అమెరికా ప్లానులో 8 డి అని ఉంటే అది వ్యాసం కాదు, మేకు పొడవు. 8 డి మేకు 2½ అంగుళాలు, 10 డి మేకు 3 అంగుళాలు. ఈ ‘డి’ రోమన్ల డెనారియస్ అనే నాణెం పేరులోది. ఇంగ్లండులో 1971 వరకు పెన్నీకి ఇదే గుర్తు. వెనుకటి కాలంలో నూరు మేకుల ధరను బట్టి మేకులకు ఈ పేర్లు వచ్చాయని చెబుతారు.

ఇలాంటప్పుడు సరైన అర్థం ఎలా తెలుసుకోవాలి? మొదట చెప్పిన అయిదు ప్రశ్నలు వేయండి. ఆ అక్షరాలు ఏ ప్రశ్నకు జవాబుగా కూర్చున్నాయి? ‘దేనితో చేసింది’ అన్నచోట ఉంటే ఎం.ఎస్. ఉక్కు. ‘వస్తువు ఏది’ అన్నచోట ఉంటే స్క్రూ. తర్వాత కొలతలు చూడండి. ప్లాను అంతా అంగుళాల్లో ఉందా, మిల్లీమీటర్లలో ఉందా? దాన్నిబట్టి అది ఏ దేశపు అలవాటో తెలిసిపోతుంది. బొమ్మలో మూల ఒక చిన్న పట్టిక ఉంటే ముందు దాన్ని చదవండి. చాలా సందేహాలు అక్కడే తీరుతాయి.

ఇంకో నాలుగు అక్షరాలు

ఓ.డి. అంటే బయటి వ్యాసం. ఐ.డి. అంటే లోపలి వ్యాసం. వాషర్లకు, గొట్టాలకు ఈ రెండూ రాస్తారు. టి.హెచ్.కె. అంటే మందం. ఎన్.టి.ఎస్. అని ఉంటే బొమ్మ స్కేలు ప్రకారం గీయలేదని అర్థం. అలాంటి బొమ్మను స్కేలుతో కొలిచి చెక్క కోయకూడదు. అంకెలనే నమ్మాలి.

సి/సి అంటే ఒక బెజ్జం కేంద్రం నుంచి పక్క బెజ్జం కేంద్రం వరకు ఉన్న దూరం. అమెరికా వాళ్లు ఓ.సి. అని రాస్తారు. అంచుల మధ్య దూరం కొలవకుండా కేంద్రాల మధ్య ఎందుకు కొలవాలి? బెజ్జం పెద్దదైనా చిన్నదైనా దాని కేంద్రం మారదు కనుక. ఇక్కడ ఒక చిన్న లెక్క. 900 మి.మీ. దూరంలో ఈ చివర నుంచి ఆ చివరకు 150 సి/సి చొప్పున స్క్రూలు వేయాలి. ఎన్ని స్క్రూలు కావాలి? 900ను 150తో భాగించి 6 అన్నారా? 6 వచ్చింది ఖాళీల లెక్క. స్క్రూలు 7 కావాలి. మీ అయిదు వేళ్ల మధ్య నాలుగే సందులు ఉన్నాయి చూడండి!

మీరే చేసి చూడండి

ఇంట్లో దొరికిన ఒక బోల్టు తీసుకోండి. మెత్తని సబ్బు బిళ్ల మీద దాన్ని పక్కగా అదమండి. మర అచ్చులు వరుసగా పడతాయి. ఒక అచ్చు నుంచి మొదలుపెట్టి 10 ఖాళీలు లెక్కపెట్టి, ఆ దూరాన్ని స్కేలుతో కొలవండి. దాన్ని 10తో భాగిస్తే మరభ్రమణాంతరం వస్తుంది. ఒక్క ఖాళీనే కొలవకుండా పది ఎందుకు కొలిచాం? కొలతలో వచ్చే పొరపాటు పది ఖాళీలకు పంచబడి చిన్నదవుతుంది కాబట్టి. ఇప్పుడు బోల్టు బయటి వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. వ్యాసం దాదాపు 6 మి.మీ., పది ఖాళీలు 10 మి.మీ. వస్తే అది ఎం 6. వ్యాసం 6.3 దగ్గర, పది ఖాళీలు 12.7 మి.మీ. వస్తే అది పావు అంగుళం బోల్టు. మేం ఆరోజు రెండు నిమిషాలు ఈ పని చేసి ఉంటే సంచి పడేది కాదు.

ఇక ఈ వరుసను చదవండి. జవాబు చూడకుండా కాగితం మీద రాయండి.

డబ్ల్యు.ఎస్., ఆర్.డి. హెచ్.డి., బి.ఆర్.ఎస్., ఎన్.ఓ. 10 × 1 – 12 ఎన్.ఓ.ఎస్., 100 సి/సి. మొదటి స్క్రూ నుంచి చివరి స్క్రూ వరకు దూరం ఎంత?

జవాబు: చెక్కకు వేసే గుండ్రని తల ఇత్తడి స్క్రూలు, లావు 10 నంబరు, అంటే 0.190 అంగుళం లేదా 4.8 మి.మీ., తల కింది నుంచి పొడవు 1 అంగుళం. మొత్తం 12 కావాలి. ఒకదాని కేంద్రం నుంచి పక్కదాని కేంద్రానికి 100 మి.మీ. 12 స్క్రూల మధ్య ఖాళీలు 11 కనుక దూరం 1100 మి.మీ.

ప్లాను గీసినవాడు మీరు పని చేసేటప్పుడు పక్కన ఉండడు. అడగడానికి వీలుండదు. అతను చెప్పదలచుకున్నదంతా ఆ నాలుగు అక్షరాలలోనే పెట్టి పంపిస్తాడు. చిన్నవి కదా అని వాటిని దాటవేయకండి. అర్థం కానిచోట ఆగి, తెలిసినవారిని అడగండి. మా బడిలో ఇప్పటికీ ఆ కప్పీల స్టాండు ఉంది. ఐబోల్టులు, నట్టులు రెండూ ఒకే మరవి. వాటిని ఏటా విద్యార్థుల చేతే విప్పించి, వేళ్లతోనే చివరిదాకా తిప్పించి, ఆ తర్వాతే పానా వారి చేతికిస్తాను.